ప్రపంచ వారసత్వ స్థలములు: రేవు మెట్లనుండి రామప్ప గుడివరకు

కాశికి పోయినవాడు గంగాజలము తెచ్చును. తిరుపతికి పోయినవాడు లడ్డు ప్రసాదము తెచ్చి ఇరుగుపొరుగులకు పంచును. ప్రపంచ వారసత్వ స్థలమును చూడబోయినవాడు మాత్రము సాధారణముగా ఛాయాచిత్రములు తెచ్చును. వాటిలో ముక్కాలు భాగము అతని ముఖమే యుండును. స్థలము గొప్పదని విని పోవుట, గుంపులో నిలిచి చూచుట, తిరిగి వచ్చుట ఇంతటితో యాత్ర ముగియుచున్నది. ఆ స్థలమునకు చూడవచ్చినవానితో ఏదైన సంబంధము కలదేమో అని విచారించువారు తక్కువ. చెఱకుతోటల కూలీల సంతతివారైన తెలుగువారికి ప్రపంచ వారసత్వ పట్టికలోని కొన్ని స్థలములతో రక్తసంబంధము కలదు. ఆ స్థలములే ఈ పాఠమునకు విషయము. తాజమహలు, చీనా గోడ, ఈజిప్టు పిరమిడ్లు ఎల్లవారును ఎరిగినవే; వాటిని గూర్చి చెప్పు పుస్తకములు కొల్లలు.

మొదట ఈ పట్టిక ఎట్లు పుట్టినదో తెలిసికొనవలెను. 1960లో ఈజిప్టు ప్రభుత్వము నైలు నదిపై అస్వాన్ వద్ద పెద్ద ఆనకట్టను కట్ట నారంభించినది. ఆనకట్ట ముగిసినచో రెండవ రామసెస్ చక్రవర్తి మూడువేల ఏండ్లకు పైబడి క్రిందట కొండలో తొలిపించిన అబూ సింబెల్ ఆలయములు నీట మునుగును. అన్నమునకు నీరు కావలెను, ఆలయములును నిలువవలెను. ఐక్యరాజ్యసమితి విద్యా సంస్థయైన యునెస్కో లోకమునంతను సహాయమడిగినది. అనేక దేశములు ధనమిచ్చినవి. 1964 నుండి 1968 వరకు ఆ ఆలయములను ముక్కలు ముక్కలుగా కోసి, సుమారు 65 మీటర్ల ఎత్తున మరల పేర్చి నిలిపిరి. ఒక దేశపు గుడిని కాపాడుటకు పరదేశములు చేయి కలుపవచ్చునని అప్పుడు తెలిసినది. ఆ అనుభవమును అనుసరించి 1972 నవంబరు 16వ తేదీన పారిసు నగరమున ప్రపంచ వారసత్వ ఒడంబడిక ఆమోదింపబడినది. 1978లో మొదటి పట్టికలో పన్నెండు స్థలములు మాత్రమే యుండెను. ఇప్పుడు 1200కు మించి యున్నవి.

నవంబరు 16వ తేదీ దక్షిణాఫ్రికా తెలుగువారికి మరియొక కారణముచేత జ్ఞాపకముండదగినది. 1860లో అదే తేదీన మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ 342 మంది భారతీయులతో డర్బను రేవు చేరినది. ఇది కాకతాళీయమే. అయినను పిల్లలకు తేదీలు నేర్పువారికి రెండును ఒక్కసారి నేర్పు వీలు కలుగుచున్నది.

పట్టికలో చేరుటకు పది లక్షణములు నిర్ణయింపబడినవి. వాటిలో ఒక్కటియైన ఉన్నచో చాలును. మొదటి ఆరును మనుష్యులు చేసిన పనికి సంబంధించినవి, తక్కిన నాలుగును ప్రకృతికి సంబంధించినవి. శిల్పసౌందర్యము ఒక లక్షణము. నశించిన నాగరికతకు సాక్ష్యమగుట మరియొకటి. ఆరవ లక్షణము అన్నిటికంటె విచిత్రమైనది. లోకమంతటికి ప్రాముఖ్యముగల సంఘటనతో, లేక సజీవమైన సంప్రదాయముతో, విశ్వాసముతో ఒక స్థలమునకు ప్రత్యక్ష సంబంధము ఉండవలెనని దాని భావము. అట్టి చోట గోడ అందముగా నుండనక్కరలేదు. గోడ ఎదుట ఏమి జరిగినదన్నదే ప్రశ్న. మొదటి పన్నెండింటిలో ఒకటియైన సెనెగల్ దేశపు గోరే దీవి ఇట్టిదే. ఆఫ్రికా ప్రజలను బానిసలుగా ఓడలకెక్కించిన కథకు అది గుర్తు. మారిషస్ ద్వీపమున పోర్ట్ లూయీ రేవునందలి ఆప్రవాసి ఘాట్ కూడ ఆ ఆరవ లక్షణము వలననే 2006లో పట్టిక కెక్కినది.

ఆప్రవాసి ఘాట్

ఆప్రవాసి యనగా పరదేశమునుండి వచ్చి చేరినవాడు. ఘాట్ అనగా రేవు, నీటికి దిగు మెట్లు. ఆ పేరు 1987లో పెట్టబడినది. అంతకు పూర్వము దానిని కూలీ ఘాట్ అనుచుండిరి. కూలి యను మాట తెలుగున నింద కాదు. చేసిన పనికి వచ్చు ప్రతిఫలమే కూలి. కాని తెల్లదొర నోట అది జాతిపేరుగా మారి, తిట్టుగా మారినది. తాత కూలీగా వచ్చెనని మనుమలకు చెప్పుటకు సిగ్గుపడిన కుటుంబములు కొన్ని కలవు. రేవు పేరు మారుటలో ఆ సిగ్గు కొంత, దానిని తుడుచుకొనవలెనను పట్టుదల కొంత కనబడుచున్నవి. పాత పేరును పూర్తిగా మరచుటయు మంచిది కాదు. ఎందుకనగా దస్తావేజులలో ఆ పేరే యున్నది.

చూడబోయినవాడు మొదట నిరాశ పడును. స్థలము మొత్తము 1,640 చదరపు మీటర్లు. చిన్న ఊరి సంతపాటి కూడ లేదు. నల్లరాతి గోడలు కొన్ని, సముద్రపు వైపు మెట్లు, కాపలావాని గది, ఆసుపత్రి భాగము, పాకశాల, మరుగుదొడ్ల పునాదులు. ఇంతే. 1849లో కట్టనారంభించి క్రమముగా పెంచిన పెద్ద డిపోలో మిగిలినది ఇది. కూలీల రాక నిలిచిన పిమ్మట కట్టడములు ఇతర కార్యములకు వాడబడినవి. పిదప పట్టణపు పెద్దరోడ్డు పడినప్పుడు మరికొంత భాగము పోయినది. రోడ్డుమీద కార్లు పోవు శబ్దము నేటికిని గోడల మధ్య వినబడుచునే యుండును.

ఈ కొద్దిరాళ్లకు ప్రపంచ పట్టికలో చోటు ఎందుకు? 1833లో బ్రిటిషు పార్లమెంటు బానిసత్వమును రద్దు చేయు చట్టము చేసినది. మారిషస్‌లో అది 1835 ఫిబ్రవరి 1వ తేదీన అమలులోనికి వచ్చినది. చెఱకుతోటల యజమానులకు చేతులు కావలసివచ్చెను. బానిసలకు బదులు ఒప్పందముపై కూలీలను తెచ్చినచో తోటలు నడచునా లేదా అని చూచుటకు బ్రిటిషు ప్రభుత్వము ఈ ద్వీపమును ఎన్నుకొన్నది. దానికి వారు పెట్టిన పేరు 'మహా ప్రయోగము'. వైద్యశాలలో కుందేళ్లపై చేయు ప్రయోగమువలె మనుష్యులపై చేసిన ప్రయోగమది. 1834 నవంబరు 2వ తేదీన అట్లాసు అను ఓడ కలకత్తానుండి 36 మంది కూలీలను తెచ్చినది. మారిషస్‌లో ఆ తేదీ నేడు జాతీయ సెలవుదినము. ప్రయోగము ఫలించినదని దొరలు తలచిరి. 1834 నుండి 1920 వరకు దాదాపు ఐదులక్షల మంది భారతీయులు ఈ రేవున దిగిరి. వారిలో కొందరు ఇక్కడ నిలువక రీయూనియను, ఆస్ట్రేలియా, తూర్పు దక్షిణ ఆఫ్రికాలు, కరీబియను దీవులు చేరిరి. ఇక్కడ సాగిన పద్ధతియే పిమ్మట గయానాలో, ట్రినిడాడులో, నేటాలులో, ఫిజీలో సాగినది. అందుచేత ఈ మెట్లు ఒక్క మారిషస్‌వి కావు.

ఓడ దిగినవారిని ఈ మెట్లమీదుగా లోనికి తెచ్చి లెక్క వ్రాసికొనుచుండిరి. వైద్యుడు చూచును. గుమాస్తా పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, కులము, ఊరు, ఓడ పేరు అడుగును. ప్రతివానికిని ఒక సంఖ్య ఇచ్చుచుండిరి. సాధారణముగా రెండు దినములు ఇక్కడ నుంచి, పిదప తోటలకు పంచుచుండిరి. మొదటి ఒప్పందములు ఐదేండ్లవి. పురుషునకు నెలకు ఐదు రూపాయల జీతము, తిండిగింజలు, బట్టలు. ఒక్కదినము పనికి రాకున్న రెండు దినముల జీతము కోసివేయు పద్ధతి పిమ్మట అలవాటైనది. 'డబుల్ కట్' అను ఆ మాట పాతతరము వారి నోట చాలకాలము నిలిచి యుండెను. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అను తోట యజమాని కూలీల పక్షమున 9,401 మంది సంతకములతో గవర్నరునకు మహజరు సమర్పించెను. మరుసటి ఏడే రాజ విచారణ సంఘము వచ్చినది. తోట యజమానులలో అట్టివాడు ఒకడైనను ఉండెనని చెప్పుట న్యాయము.

రేవు చేరకుండగనే పోయినవారిని కూడ తలపవలెను. 1856లో ఓడలలో కలరా సోకినదని వచ్చినవారిని ఉత్తరమున గాబ్రియేలు అను చిన్నదీవిలో దింపిరి. నీడ లేదు, చాలినంత నీరు లేదు. వందలమంది అక్కడనే మరణించిరి. భారతదేశ ప్రభుత్వము కోపించి మారిషస్‌కు కూలీలను పంపుట కొంతకాలము నిలిపివేసినది. ఆ దీవిని ఇప్పుడు విహారమునకై పడవలలో పోవువారు చూచుచుందురు.

తెలుగువారు ఈ లెక్కలో ఎక్కడ కనబడుదురు? ఇది కొంత చిక్కైన ప్రశ్న. గుమాస్తాలు ఓడ బయలుదేరిన రేవునుబట్టి మనుష్యుని పేర్కొనుచుండిరి. మద్రాసు ఓడలో వచ్చిన విశాఖపట్నపువాడు మద్రాసీ యయ్యెను. గోదావరి ముఖద్వారమునందలి కోరంగి రేవునుండి వచ్చినవానిని కోరంగీ యనిరి. కాలక్రమమున ఆ ద్వీపమున తెలుగువారందరికిని కోరంగీలను పేరు స్థిరపడినది. ఇక వ్యక్తుల పేర్లు. సింహాచలము, అప్పలస్వామి వంటి పేర్లను ఆంగ్లమో ఫ్రెంచియో తెలిసిన గుమాస్తా తన చెవికి వినబడినట్లు వ్రాసికొనెను. ఇంటిపేరు జారిపోయినది. దిగినవాని పేరే, గుమాస్తా వ్రాసిన వక్రరూపముతోనే, కొడుకులకు మనుమలకు వంశనామమైనది. నేడు తమ ఇంటిపేరు తెలుగుమాటయని తెలియక, ఏ భాషదోయని సందేహపడు యువకులున్నారు. రెండుమూడుమార్లు గట్టిగా పలికి చూచినచో చాలవరకు తెలుగు బయటపడును.

కనుక ఘాట్ చూడబోవువారు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థను కూడ చూడవలెను. వలసవచ్చినవారి రిజిస్టర్లు అక్కడ భద్రపరచబడియున్నవి. 1860ల నుండి తీసిన ఛాయాచిత్రములు కూడ కలవు. పెండ్లిపత్రములు, పాత జనన ధ్రువపత్రములు ఇంటిపెట్టెలో వెదకి, పూర్వుని సంఖ్యయో ఓడ పేరో తెలిసికొని పోయినచో పని సులభమగును. సంఖ్య తెలిసినచో ఊరు తెలియును. ఊరు తెలిసినవాడు భారతదేశమునకు పోయినప్పుడు తిరుపతితో తిరిగిరాక మరి కొన్ని గంటలు రైలులో కూర్చుండును. ఘాట్ ప్రక్కననే 2014లో తెరువబడిన ప్రదర్శనశాల కలదు. స్థలరక్షణకు పాటుపడిన బిక్రమ్‌సింగ్ రామ్‌లాలా పేరు దానికి పెట్టిరి. ప్రదర్శనశాల ముందు చూచి మెట్లు తరువాత చూచుట మేలు; అప్పుడు మెట్లు చిన్నవిగా కనబడవు.

లె మోర్న్ కొండ

ద్వీపమునకు నైరుతి మూలలో సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన కొండ లె మోర్న్. ఎత్తు 556 మీటర్లు. 2008లో ఇది పట్టికలో చేరినది. పారిపోయిన బానిసలు పదునెనిమిదవ శతాబ్దమునను, పందొమ్మిదవ శతాబ్దారంభమునను ఈ కొండ గుహలలో, శిఖరముమీద దాగి జీవించిరి. మోజాంబిక్, మడగాస్కరులనుండి మాత్రమే కాదు, భారతదేశమునుండి కూడ తేబడిన బానిసలు ఫ్రెంచి పాలనలో ఈ ద్వీపమున నుండిరి. బానిసత్వము రద్దయినదని చెప్పుటకు 1835లో సైనికులు కొండకు రాగా, పట్టుకొనుటకే వచ్చిరని భ్రమించి పైనున్నవారు లోయలోనికి దుమికిరని కథ. ఇది వాగ్రూపముగా వచ్చిన కథ. దానికి కాగితము లేదు. కాగితము వ్రాయు అధికారము లేనివారి చరిత్ర ఇట్లే నిలుచును.

ఈ రెండు స్థలములను వేరువేరు జాతుల ఆస్తిగా చూచుట కొందరికి అలవాటు. ఘాట్ భారతీయులదనియు, కొండ ఆఫ్రికా సంతతివారిదనియు అందురు. చరిత్రలో అవి ఒకే గొలుసునకు రెండు కొక్కెములు. కొండమీద నున్నవారు విడిచిన చెఱకు కత్తినే మెట్లు ఎక్కినవారు చేతబట్టిరి. బానిసల పాకలలోనే కూలీలను ఉంచిన తోటలు కలవు. ఫిబ్రవరి 1, నవంబరు 2 ఈ రెండు సెలవు దినములలోను కుటుంబముతో ఒక్కొక్క స్థలమునకు పోవు వాడుక ఏర్పడినచో బాగుండును.

ఇతర దేశములలో

ఫిజీ దీవులకు పోవువారు రాజధాని సువాను చూచి తృప్తిపడక ఓవలావు దీవిలోని లెవుకా పట్టణమును చూడవలెను. ఇది ఫిజీ మొదటి రాజధాని. 1874లో దీవులను బ్రిటిషు రాణికి అప్పగించు పత్రముపై సంతకములు జరిగినది ఇక్కడనే. 2013లో పట్టికలో చేరినది. కొబ్బరిచెట్లు, మామిడిచెట్ల నడుమ సముద్రపు ఒడ్డున చిన్న చెక్క దుకాణములు, చర్చి, బడి. ఎదుట రేవు. 1879 మే 14వ తేదీన లియోనిడాసు అను ఓడ కలకత్తానుండి 460కి పైగా కూలీలతో వచ్చి ఈ రేవున లంగరు వేసినది. కలరా, మశూచి వ్యాపించియుండుటచే వారిని పట్టణములోనికి రానీయక ప్రక్కదీవిలో ఉంచిరి. మద్రాసునుండి నేరుగా ఓడలు వచ్చుట 1903లో మొదలైనది. తెలుగువారు ఎక్కువగా వచ్చినది అప్పటినుండియే. ఒప్పందమునకు ఆంగ్లమున వాడు 'అగ్రిమెంటు' అను మాట కూలీల నోట 'గిర్మిట్' అయినది. ఫిజీలో ఇప్పటికిని పూర్వులను గిర్మిటియలని గౌరవముగా పిలుచుచుందురు. మారిషస్‌లో సిగ్గుపడిన మాటవంటిదే అక్కడ బిరుదైనది.

సింగపూరు పోవువారు అంగళ్లలో తిరుగుటకు తోడు బొటానికల్ గార్డెన్సులో ఒక ఉదయము గడుపవలెను. 2015లో అది పట్టికలో చేరినది. పాంప్లెమూసు తోటలో పెద్దపళ్లెములవంటి ఆకుల కలువలను చూచి పెరిగిన మారిషస్ వారికి తోటలు కొత్త కాదు. ఈ తోట వేరే కారణముచేత చూడదగినది. బ్రెజిలు అడవులనుండి 1876లో గింజలు తెచ్చి లండనులోని క్యూ తోటలో మొలకెత్తించిన రబ్బరు మొక్కలలో కొన్ని 1877లో సింగపూరు చేరినవి. 1888లో అధికారిగా వచ్చిన హెన్రీ రిడ్లీ, చెట్టు చావకుండ దాని బెరడును ఏటవాలుగా గీసి పాలు తీయు విధానమును ఇక్కడనే పరీక్షించి స్థిరపరచెను. కాఫీ తోటల దొరలను ఆపి, రబ్బరు నాటుడని చెప్పి గింజలు చేతబెట్టుచుండెనట. పిచ్చివాడనిరి. మోటారు బండ్లు రాగానే ఆ గింజలే బంగారమైనవి. మలయా దేశమంతయు రబ్బరు తోటలయ్యెను. ఆ తోటలకు కంగాణీలు తమిళనాడునుండియు, విశాఖ, గోదావరి మండలములనుండియు మనుష్యులను తోలుకొనిపోయిరి. పెరాక్ ప్రాంతపు కొబ్బరి తోటలకును తెలుగువారు చేరిరి. తెల్లవారకముందే లేచి తలకు దీపము కట్టుకొని చెట్టుచెట్టుకు పోయి బెరడు గీసిన ఆ తాతల, అమ్మమ్మల జీవితమును నిర్ణయించిన కత్తిగాటు ఈ తోటలో కనిపెట్టబడినది. తోటలో పూలు చూడవచ్చినవారిలో ఎందరికి ఈ సంగతి తెలియునో!

దక్షిణాఫ్రికాకు 1860 నుండి 1911 వరకు సుమారు 152,000 మంది భారతీయ కూలీలు చేరిరి. వారిలో మూడింట రెండువంతులు మద్రాసు ఓడలవారు. వారిలో తెలుగువారు గణనీయముగా నుండిరి. డర్బనులో వారు దిగిన రేవు పట్టికలో లేదు. కేప్‌టౌను ఎదుటనున్న రాబిన్ దీవి 1999లో చేరినది. నెల్సన్ మండేలా తన 27 ఏండ్ల చెఱలో 18 ఏండ్లు అక్కడ గడిపెను. భారత సంతతివారును ఆ దీవిలో చెఱ అనుభవించిరి. 2024లో మండేలా జీవితముతోను, స్వాతంత్ర్య పోరాటముతోను సంబంధముగల పదునాలుగు చోట్లు కలిపి ఒక స్థలముగా చేర్చబడినవి. వాటిలో డర్బను సమీపమున ఓలాంగె పాఠశాల ఒకటి. 1994 ఏప్రిలు 27న మండేలా తన మొదటి ఓటు వేసినది ఆ బడిలోనే. 1904లో మహాత్మాగాంధీ స్థాపించిన ఫీనిక్సు ఆశ్రమము అచ్చటికి దగ్గరనే కలదు. డర్బను బంధువుల ఇండ్లకు పెండ్లిండ్లకై పోవువారు ఒక్క పూటలో రెండును చూడవచ్చును. బంధువులు బిర్యానీ తినిపించుటలో చూపు శ్రద్ధ ఈ చోట్లు చూపుటలో చూపరని ఒక ఫిర్యాదు కలదు. అడిగినచో తప్పక తీసికొనిపోవుదురు.

మాతృభూమిలో

ఆంధ్రదేశపు యాత్రకు పోవువారికి పట్టికలోని స్థలము రెండు తెలుగు రాష్ట్రములలోను ఒక్కటియే కలదు. తెలంగాణములో ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి. 2021లో చేరినది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దీనిని కట్టించెను. పని నలువది ఏండ్లు సాగినదని చెప్పుదురు. లోపలి దేవుడు రుద్రేశ్వరుడు. కాని గుడిని ఎవరును రుద్రేశ్వరాలయమనరు. ప్రధాన శిల్పి రామప్ప పేరుమీద రామప్ప గుడి యనియే వాడుక. రాజు పేరు శాసనస్తంభము మీద నిలిచినది. పనివాని పేరు జనుల నోట నిలిచినది.

గుడిని చూచువారు మూడింటిని గమనింపవలెను. ఒకటి పునాది. గోతిని ఇసుకతో నింపి, దానిపై రాతికట్టడమును నిలిపిరి. భూమి కదలినను ఇసుక సర్దుకొనును. రెండవది శిఖరమునకు వాడిన ఇటుక. నీటిలో వేసిన తేలునంత తేలికైనది. బరువు తగ్గించినచో క్రింది స్తంభములకు భారము తగ్గునని ఆ శిల్పులకు తెలియును. మూడవది చూరుల క్రింద నిలిచిన నల్లరాతి మదనికలు. ఎనిమిదివందల ఏండ్ల ఎండ వానలకు వాటి నునుపు చెడలేదు. గోడలమీది నృత్యభంగిమలను పరిశీలించియే ఇరువదవ శతాబ్దమున నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యమును తిరిగి నిలిపిరి. గుడికి సమీపమున కాకతీయుల కాలపు చెరువు కలదు. నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. గుడిని పొగడువారు చెరువును మరతురు. వానలు పడిన పిమ్మట పోయినచో రెండును నిండుగా కనబడును.

కర్ణాటకములోని హంపి 1986 నుండి పట్టికలో నున్నది. కృష్ణదేవరాయల రాజధాని కావున తెలుగు చదివిన ప్రతివాడును దానిని చూడగోరును. ఒక్క దినము చాలదు, రెండు దినములు కావలెను. అంతకంటె ఇక్కడ చెప్పనక్కరలేదు.

సింహాచలము ఈ పట్టికలో లేదు. మారిషస్‌లో ఏటేట సింహాద్రి అప్పన్న పూజ చేయువారికి అది లోపముగా తోచవచ్చును. పట్టికలో లేనంత మాత్రమున కొండ ఎక్కువారు తగ్గలేదు. పట్టిక దేశముల ప్రభుత్వములు ప్రతిపాదించినప్పుడే పెరుగును. భక్తి ఎవ్వరి ప్రతిపాదనకును ఆగదు.

కోరంగి కూడ పట్టికలో లేదు. కాకినాడనుండి యానామునకు పోవు దారిలో ఆ ఊరు కలదు. ఒకప్పుడు అక్కడ ఓడలు కట్టుచుండిరి, ఓడలు మరమ్మతు చేయుచుండిరి. బర్మాకును మలయాకును ప్రయాణములు సాగుచుండెను. 1789లో ఒక ఉప్పెన, 1839 నవంబరులో మరియొక ఉప్పెన ఊరిని ముంచివేసినవి. గోదావరి ఒండ్రుమట్టితో రేవు పూడినది. ఇప్పుడు అక్కడ మడ అడవులు. 1978లో ప్రభుత్వము వాటిని వన్యప్రాణి రక్షణ ప్రాంతముగా ప్రకటించినది. చెక్కవంతెనలమీద నడచుచు వేళ్లు నీటిపై తేలిన చెట్లను చూడవచ్చును. పడవలో పోయినచో పాయ సముద్రములో కలియు చోటివరకు తీసికొనిపోవుదురు. అక్కడికి వచ్చువారిలో అధికభాగము కాకినాడ పిల్లలు, పక్షులను చూడవచ్చినవారు. ఈ ఊరి పేరుతో పిలువబడు మనుష్యులు హిందూ మహాసముద్రమునకు ఆవల ఒక ద్వీపమున ఉన్నారని పడవ నడుపువానికి చెప్పినచో మొదట నమ్మడు. నమ్మిన పిమ్మట, ఏ ఊరివారు, ఇంటిపేరు ఏమి అని అడుగును.